అడగని బాకీ

మద్రాసులో దివాలాకి ఒక రంగు ఉండేది. పసుపు. అప్పిచ్చినవాళ్ళకి వెళ్ళే నోటీసు పసుపు కాగితం మీద ఉండేది కాబట్టి, ఎవరైనా చేతులెత్తేస్తే "మంజ కడిదాసి ఇచ్చేశాడు" అనేవాళ్ళు. శుభలేఖకూ పసుపే రాస్తారు. తేడా ఒక్కటే. శుభలేఖ అందుకున్నవాళ్ళు ఇంటికొస్తే భోజనం ఉంటుంది.

ఆ పసుపు కాగితాలు రాసే వకీలాఫీసులో నేను గుమాస్తాని. ముప్పై ఏళ్ళు పైబడి అదే కుర్చీ, అదే కుంటికాలు. కాలు కుర్చీది. రిటైరై ఇన్నేళ్ళయినా, వీధిలో ఎవరికైనా అప్పులు మెడదాకా వస్తే ఇప్పటికీ నా దగ్గరికే పంపిస్తారు. ఈమధ్య వచ్చేవాళ్ళంతా కుర్రాళ్ళు. కార్డు మీద కొన్న ఫోను, ఫోను మీద తెచ్చిన అప్పు, ఆ అప్పు తీర్చడానికి ఇంకో కార్డు. "సార్, ఐపీ పెడితే అంతా పోతుందా?" అని అడుగుతారు. పోతుంది. ఏది పోతుందన్నదే ప్రశ్న. వాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఒకటుంది. అది నేను పుస్తకంలో చదివింది కాదు. మద్రాసులోనే చూలై పేటలో ఇడ్లీపిండి రుబ్బే ఒక అవ్వ దగ్గర నేర్చుకున్నది. ఫీజు ఆమె కట్టింది.

డెబ్బైల చివరి సంగతి. నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో. ఆఫీసులో మేం ముగ్గురం. వకీలు గారు, పెద్ద గుమాస్తా, నేను. వకీలు గారు కోర్టులో ఉండేవారు, లేదా కోర్టుకి వెళ్ళే దారిలో ఉండేవారు. ఆఫీసు నడిపేది పెద్ద గుమాస్తాయే. తాతల కాలం నుంచి ఉత్తర మద్రాసులో కిరాణా హోల్‌సేలు చేసిన తెలుగు కుటుంబం ఆయనది. వాళ్ళ నాన్నే ఒకప్పుడు దివాలా తీశాడట. "మా ఇంట్లో ఇది కులవృత్తి" అని ఆయన ఒక్కసారే అన్నాడు. అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు మాత్రం ప్రతిదీ జోకే. దివాలా ఆఫీసుకి నవ్వుతూ ఎవరూ రారు. ఒకాయన బెంచీ మీద కూర్చుని "నేను చచ్చిపోతాను" అంటే, "అలాగైతే ఫారం వేరు సార్, అది మా దగ్గర లేదు" అనేవాణ్ణి. ఆయన బిత్తరపోయి, తర్వాత నవ్వి, తర్వాత కాఫీ తాగేవాడు. నా జోకుల వల్ల ఒకరిద్దరు బతికారని నా నమ్మకం. పెద్ద గుమాస్తా నమ్మకం వేరు. "నీ నోటికి కూడా ఒక అసైనీని వెయ్యాలి రా" అనేవాడు. అసైనీ అంటే దివాలా తీసినవాడి ఆస్తిని కోర్టు తరఫున స్వాధీనం చేసుకుని, అమ్మి, అప్పులవాళ్ళకి పంచే అధికారి.

ఒకరోజు పొద్దున్నే ఒక మనిషి వచ్చాడు. నలభై దాటుంటాయి. చూలైలో చిన్న లేత్ పట్టరై, అంటే వర్క్‌షాపు. చొక్కా కాలరు మడతలో ఇత్తడి రజను మెరుస్తోంది. వందల ఏళ్ళ కిందట వచ్చి మద్రాసులో పాతుకుపోయిన తెలుగువాళ్ళే వాళ్ళూ. మాటలో సగం అరవం. పంపుల విడిభాగాలకు పెద్ద ఆర్డరొచ్చిందని అప్పుచేసి రెండో లేత్ కొన్నాడు. సరుకు తీసుకెళ్ళిన కంపెనీ డబ్బివ్వకుండా షట్టరు దించేసింది. మిగిలింది రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగు మిషను, అయిదు అప్పులు. ఇనుము వ్యాపారికి, వడ్డీకిచ్చిన ఆయనకి, చీటీకి, షెడ్డు అద్దెకి. అయిదోది మాత్రం చెప్పడానికి నోరు రాలేదు.

"మా వీధిలో పెద్దమ్మ ఒకామె ఉంది సార్. పిండి రుబ్బి అమ్ముతుంది. ఎనిమిది నూర్లు ఇచ్చింది. నోటూ లేదు, పత్రమూ లేదు."

"వడ్డీ?" అన్నాడు పెద్ద గుమాస్తా.

"అడగలేదు సార్."

"అసలు?"

"అదీ అడగలేదు. ఇప్పటిదాకా ఒక్కనాడూ అడగలేదు. కరెంటు గ్రైండరు కొనాలని పోగేసుకున్న డబ్బు సార్ అది. కుడిభుజం పైకి లేవదు ఆమెకి. ఎడంచేత్తో రుబ్బుతా ఉంది."

పెద్ద గుమాస్తా ఆకు వక్క పక్కన పెట్టి, ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలు మొదలుపెట్టాడు. ఒకటి, ఉన్న అప్పులన్నీ జాబితాలో రాయాలి, చుట్టాలవీ సిగ్గుపడేవీ దాచకూడదు. రెండు, నీ అప్పుకి జామీను పెట్టినవాడికి నీ దివాలా వర్తించదు. "వడ్డీ ఆయనకి నీ బావమరిది సంతకం పెట్టినాడు గదా? రేపట్నుంచి నీ గుమ్మం దిగి ఆయన గుమ్మం ఎక్కుతారు. ఈ మాట ముందే పోయి ఆయనకి చెప్పు." మూడు, ఇల్లాలి పేరుకి, తమ్ముడి పేరుకి ఏదీ మార్చకూడదు. మార్చినా కోర్టు వెనక్కి లాగుతుంది, పైగా దొంగవని రాస్తుంది.

నాలుగోది చెప్పబోతుండగా కోర్టు నుంచి పిలుపొచ్చింది. "మిగతాది వీడు చెప్తాడు" అని నన్ను చూపించి, కాగితాల కట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాలుగోది నాకు తెలుసు. అర్జీ వేసే ముందు మూడు నెలల్లో, ఒక్కరి మీద అభిమానంతో వాళ్ళకి మాత్రమే తీర్చి మిగతావాళ్ళకి మొండిచెయ్యి చూపకూడదు. తీరిస్తే ఆ చెల్లింపు చెల్లదు. అందరికీ తలా ఇంత రావాలన్నది చట్టం లెక్క. ఇది చెప్పడానికి అరనిమిషం పడుతుంది.

ఆయన నా వైపు వంగాడు. "తంబీ, ఆ ఇనుము సేటూ మా పెద్దమ్మా ఒకటేనా? ఇద్దరికీ ఒకే లెక్కేనా?"

గొంతు వణికింది. ఎదుటి మనిషి గొంతు వణికితే నా నోరు ఆగదు. అది నా జబ్బు.

"చూడండన్నా, అర్జీ వేసేదాకా డబ్బు మీది. వేసినాక కోర్టుది. ఎవరికైనా ప్రేమగా ఇచ్చుకోవాలంటే ఈ శుక్రవారంలోపల కానిచ్చేయండి. సోమవారం నుంచి ప్రేమ కూడా కోర్టు స్వాధీనం."

నవ్వుతాడు, నవ్వాక అసలు మాట చెబుదామనుకున్నాను. ఆయన నవ్వలేదు. నవ్వని మనిషి దగ్గర జోకు ముగిసిందో లేదో తెలియదు. ఇంతలో ఫోను మోగింది. ఫోను పెట్టేసి చూసేసరికి బెంచీ ఖాళీ. సోమవారం సంతకానికి వస్తాడు గదా, అప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాను.

సోమవారం వచ్చాడు. ముఖం తేటగా ఉంది. దివాలా అర్జీ మీద సంతకం పెట్టడానికి అంత తేట ముఖంతో వచ్చినవాణ్ణి అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. జాబితాలో అప్పులు నాలుగే రాయించాడు. అయిదోది ఏదని అడగాల్సింది నేను. ఆస్తుల జాబితా చదువుతూ, కట్టుబట్టలు, వంటగిన్నెలు, పడక, కొన్ని చేతి పనిముట్లు మీకే వదిలేస్తారని చెప్పి, "అంటే పెళ్ళికి ముందు మీకున్న ఆస్తేనన్నా" అని నవ్వించే పనిలో ఉన్నాను. ఈసారి నవ్వాడు. నాకు సంతోషమైంది.

కోర్టులో విచారణ రోజు. దివాలాదారుని బోనెక్కించి, అప్పులవాళ్ళ ఎదుట ప్రమాణం మీద ప్రశ్నలడుగుతారు. ఇనుము వ్యాపారి తరఫు వకీలు, పడుచువాడు, పెద్దగా ఆశ లేకుండానే అడిగాడు. "గత మూడు నెలల్లో ఎవరికైనా ఏమైనా చెల్లించారా?"

"చెల్లించినాను సార్," అన్నాడు మావాడు గర్వంగా. "డ్రిల్లింగు మిషను అమ్మి, మా పెద్దమ్మకి ఎనిమిది నూర్లు ఇచ్చేసినాను. ఆ శుక్రవారమే."

నేను చేతిలో కట్ట తాడు బిగించాను.

"ఆమె గట్టిగా అడిగారా? ఒత్తిడి చేశారా?"

"ఛ ఛ. ఆమె ఎందుకడుగుతుంది?"

"మరి ఎవరు ఇమ్మన్నారు?"

ఆయన కోర్టంతా చూశాడు. చివర నన్ను చూశాడు. నేను కట్ట తాడు బిగిస్తున్నట్టు నటించాను. అప్పటికే రెండుసార్లు బిగించి ఉన్న తాడు.

"నా మనసు చెప్పింది సార్."

జడ్జీ గారు తల ఎత్తకుండా, "మనసుని సాక్షుల జాబితాలో చేర్చనవసరం లేదు, రాసుకోండి" అన్నారు. కోర్టు నవ్వింది. మామూలుగానైతే ఆ మాట నేను అనాల్సింది.

ఆయన నన్ను కాపాడాడు. తన మాటతోనే ఆ చెల్లింపు ఎవరూ అడక్కుండా అభిమానంతో ఇచ్చిందని రుజువు చేశాడు. చట్టానికి కావలసింది సరిగ్గా అదే. ఎనిమిది నూర్లు ఎందుకు వెనక్కి ఇవ్వకూడదో చెప్పమని అవ్వకి నోటీసు వెళ్ళింది.

మెట్ల మీద పెద్ద గుమాస్తాకి నిజం చెప్పేశాను. నేనేమన్నానో మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆయన నాలుగు మెట్లు దిగి ఆగాడు.

"బాగుంది రా జోకు. టికెట్టు ఆమె కొనింది."

తిట్టుంటే బాగుండేది. ఇంకో నాలుగు మెట్లు దిగాక మళ్ళీ ఆగాడు. "ఒక్కటే దారి. ఆమె గట్టిగా అడిగి ఉంటే, వీడు ఆ ఒత్తిడికి తట్టుకోలేక ఇచ్చి ఉంటే, అది అభిమానం కిందికి రాదు. డబ్బు ఆమెకే ఉంటుంది. పోయి అడిగిందేమో కనుక్కో." నేను పరుగెత్తబోతుంటే చొక్కా పట్టుకున్నాడు. "కనుక్కో అన్నాను. నేర్పించమనలేదు."

ఆ వారంలోనే చూలై వెళ్ళాను. సందులో అటూ ఇటూ పట్టరైల మోత. వాటి మధ్య ఒక గుమ్మంలో రుబ్బురోలు. అవ్వ సన్నగా, నల్లగా, ఎడంచేత్తో పొత్రం తిప్పుతోంది. కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది, వేరేవాళ్ళ చెయ్యిలాగా.

"కూసో నాయనా. వకీలాఫీసు అబ్బాయివి గదా? వాడు చెప్పినాడు, బో తమాషాగా మాట్లాడతావంట. ఏదీ, ఒకటి చెప్పు, రుబ్బతా వింటాను."

ఒక్కటీ గుర్తు రాలేదు.

"అవ్వా, ఆ డబ్బు ఖర్చు పెట్టేశావా?"

"ఈడనే ఉంది. పురసవాక్కంలో గ్రైండరు చూసొచ్చినా. వచ్చే వారం రమ్మన్నాడు అంగడాయన. ఇంతలో మీ కడిదాసి వచ్చె. పసుప్పచ్చంగా ఉంటే ఎవురిదో పెండ్లి అనుకున్నా."

నోటీసు సంగతి విడమర్చి చెప్పాను. ఆమె తిప్పడం ఆపలేదు. చివర అడిగాను. "అవ్వా, బాగా గుర్తు తెచ్చుకో. ఆయన్ని నువ్వు ఎప్పుడైనా అడిగావా? ఇంటికెళ్ళి, గట్టిగా?"

"నేనెందుకడుగుతాను? వాడు చిన్నప్పుడు ఈ గుమ్మంలోనే పిండి తినేటోడు. పచ్చిపిండి. కడుపునొప్పని వాళ్ళమ్మ నన్ను తిట్టేది."

"ఒక్కసారి కూడా? వీధిలో ఎదురైనప్పుడు?"

"ఎదురైతే వాడే తల దించుకునేటోడు. నేను ఆ పక్క సందులో పోయేదాన్ని, వాడికి కష్టంగా ఉంటుందని."

నేర్పించకూడదన్న మాట గుర్తుంది. కానీ నోరు నాది కదా. "అడిగుంటే మాత్రం డబ్బు నీకే ఉండేది అవ్వా."

పొత్రం ఆగింది. ఆమె నన్ను చూసిన చూపులో అమాయకత్వం ఏమీ లేదు. నలభై ఏళ్ళు గరిటె కొలతతో వ్యాపారం చేసిన మనిషి.

"అంటే, వాడి గుమ్మం ముందర నిలబడి నలుగురూ వినేట్టు అరిచుంటే, డబ్బు నాది."

"అవును."

"నోరు మూసుకుని ఉన్నా గాబట్టి, అందరిదీ."

"అవును."

"శరి," అంది. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. "బాగా నోరుండే వాళ్ళు రాసినట్టుండారు."

అప్పుడు చెప్పాను, శుక్రవారంలోపల ఇమ్మన్నది నేనేనని. ఆమె గరిటెతో పిండి మధ్యలోకి తోసింది. "తెలుసు నాయనా. వాడు డబ్బిచ్చినప్పుడే చెప్పినాడు. వకీలాఫీసు తంబీ బంగారం లాంటి మాట చెప్పినాడు పెద్దమ్మా అని." ఒక గిన్నెలో పిండి పోసి నా చేతికిచ్చింది. "ఇంటికి తీసుకుపో. గిన్నె తెచ్చియ్యి. ఇదైతే అడుగుతా."

ఆ పిండితో మా ఇంట్లో ఇడ్లీలు బాగా వచ్చాయన్నారు. నేను తినలేదు.

ఆమె కోర్టుకి వచ్చిన రోజు నేను దేవుడికి మొక్కుకున్నాను. న్యాయం జరగాలని కాదు. ఆమె అబద్ధం చెప్పాలని. మావాడు వెనక బెంచీలో కూర్చుని తల ఎత్తలేదు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, గుడ్డసంచీ పట్టుకుని బోనెక్కింది. జడ్జీ గారు తెలుగువాడు కాదు గానీ, ఆమె అరవంతో కలిపిన తెలుగు ఆయనకి దుబాసీ అక్కర్లేకుండానే అందింది.

ఆయన మంచివాడు. ఆమె కోసం తలుపు తెరిచిపెట్టాడు. ఒకటికి మూడుసార్లు తెరిచాడు.

"బాకీ తీర్చమని మీరు ఆయన్ని అడిగారా?"

"లేదయ్యా."

"మనుషుల చేత కబురు పంపారా?"

"ఎవురున్నారయ్యా నాకు పంపేదానికి."

"తొందరపడకండి. ఆలోచించి చెప్పండి. ఒక్కసారైనా కోప్పడి ఉంటారు."

"ఆలోచించుకునే వచ్చినానయ్యా. రెండు రాత్రులు ఆలోచించినా. అడిగినానని చెబితే డబ్బు నాదంట గదా. గ్రైండరు వస్తుంది. కానీ ఆ పిల్లోడు ఆడ కూసోని ఉండాడు. అడగలేదని వాడికి తెలుసు. రేపు పొద్దున ఆ సందులో వాడు నన్ను చూసి తల దించుకోడు. నేను దించుకోవాల."

గుడ్డసంచీలోంచి డబ్బు తీసి బోను గట్టు మీద పెట్టింది. నూర్రూపాయల కాగితాలు ఎనిమిది. పిండి వాసన బల్ల దాకా వచ్చింది. బెంచి క్లర్కు లెక్కపెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఎవరైనా చూశారేమోనని చూసి, రశీదు రాశాడు.

ఇనుము వ్యాపారి వకీలు బయట నన్ను ఆపి, "ఆమె ఒక్క మాట అనుంటే మేం వదిలేసేవాళ్ళం" అన్నాడు. నిజంగానే బాధపడ్డట్టున్నాడు. ఆ రోజు అందరూ మంచివాళ్ళే. జడ్జీ మంచివాడు, వకీలు మంచివాడు, దివాలా తీసినవాడు అందరికంటే మంచివాడు. ఇంతమంది మంచివాళ్ళు కలిసి ఒక ముసలామె గ్రైండరు లాక్కున్నాం.

తర్వాతదంతా మామూలే. లేత్‌లు రెండూ వేలంలో పోయాయి. మావాడు పెరంబూరులో ఇంకొకరి పట్టరైలో కూలికి చేరాడు. దివాలాదారుడని కోర్టు ప్రకటించగానే అప్పుల నుంచి విముక్తి వచ్చేసిందనుకుని ఇంట్లో పాయసం వండించాడట. అది రాదు. విముక్తికి వేరే అర్జీ ఉంది, వేరే విచారణ ఉంది, ఈలోపల ప్రతి రూపాయికీ జవాబు చెప్పుకోవాలి. ఆ మాట ఈసారి నేను వాళ్ళింటికి నడిచివెళ్ళి, నవ్వకుండా చెప్పాను. ఆయనే నవ్వాడు. "ఇది జోకా తంబీ, నిజమా? ముందే చెప్పు" అన్నాడు.

ఆ తర్వాత నా బల్ల మీద ఒక అట్టముక్క నిలబెట్టుకున్నాను. దాని మీద నాలుగు మాటలు. నాలుగోదాన్ని పైకి తెచ్చి రాసుకున్నాను. ఎవరు ఏడుస్తూ వచ్చినా ముందు ఆ నాలుగూ చదివి వినిపించి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకుని, ఆ తర్వాతే జోకు. పెద్ద గుమాస్తా ఆ అట్టని రోజూ చూస్తూ పోయేవాడు. రిటైరయిన రోజు మాత్రం, వెళ్తూ వెళ్తూ, కాస్త వంకరగా ఉందని సరిచేసి పోయాడు.

మీ కాలానికి చట్టాలు మారాయి, కాగితం రంగు పోయింది. అయినా నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడి జాబితాలోనూ ఒక అయిదో అప్పు ఉంటుంది. చెప్పడానికి నోరు రానిది, కాగితం లేనిది, అడగనిది. ముందు అది బయటికి చెప్పండి బాబూ. చాటుగా వెళ్ళి తీర్చకండి. మీ ప్రేమ వాళ్ళ మీదికి నోటీసై పోతుంది.

రెండేళ్ళ తర్వాత పంపకం తేలింది. రూపాయికి పందొమ్మిది పైసలు. డబ్బు వెనక్కిచ్చింది కాబట్టి అవ్వ పేరూ అప్పులవాళ్ళ జాబితాలో చేరింది; ఆమె వాటా నూటయాభై రెండు రూపాయలు. గ్రైండరు ధర ఈలోపల మరో మూడు నూర్లు పెరిగింది. నేనే ఆమెని అసైనీ ఆఫీసుకి తీసుకెళ్ళాను. తెలుగులో సంతకం పెట్టింది, ఎడంచేత్తో, ఒక్కో అక్షరాన్నీ పొత్రంలా తిప్పుతూ. డబ్బు లెక్కపెట్టి గుడ్డసంచీలో వేసుకుంది. బస్టాపులో నిలబడ్డాం. ఎండగా ఉంది. 

బస్సు వచ్చింది. ఎక్కబోతూ నా వైపు తిరిగింది.

"నాయనా, ఇదీ నేను అడగలేదు గదా. మళ్ళా వచ్చి తీసుకుపోతారేమో, కాస్త విచారించి చెప్పు."

బస్సు కదిలింది. కిటికీలోంచి చూసి నవ్వుతోంది.

ఇన్నేళ్ళలో నాకు తిరుగు జవాబు దొరకని జోకు అదొక్కటే.